‘మేడమ్, నా టీమ్ నాతో నిజం చెప్పడం లేదు’

బెంగళూరు సాఫ్ట్‌వేర్ టీమ్‌ల నుంచి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఔటర్ రింగ్ రోడ్ చుట్టుపక్కల నుంచే వచ్చాయి. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, కొన్ని ఎలక్ట్రానిక్ సిటీ నుంచి. కొత్తగా లీడ్ అయినవాళ్లు, మేనేజర్లు, మేనేజర్ అవ్వడం అస్సలు ఇష్టం లేనివాళ్లు రాశారు. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో సాఫ్ట్‌వేర్ పనే చేస్తున్నాను కాబట్టి నేను చూసింది, నాకు పనికొచ్చింది చెబుతున్నాను. ఎవరి పేర్లూ వేయలేదు, అందరూ అదే కోరారు.

ప్రశ్న: నాకు ముప్పై రెండేళ్లు, మాది అనంతపురం దగ్గర ఊరు. తొమ్మిదేళ్లు కోడ్ రాశాను, బాగా రాస్తానని పేరుంది. ఏడు నెలల కిందట టీమ్ లీడ్ చేశారు, నా కింద ఆరుగురు. పగలంతా మీటింగ్‌లతో సరిపోతోంది. రాత్రి పది దాటాక కూర్చుని వాళ్లు రాసిన కోడ్ సరిచేస్తాను, ఒక్కోసారి మొత్తం నేనే తిరగరాస్తాను, లేకపోతే క్వాలిటీ ఉండదు. రోజూ పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే స్టాండప్ మీటింగ్‌లో అందరూ ‘అంతా ఓకే’ అంటారు. తీరా రిలీజ్‌కి రెండు రోజుల ముందు చూస్తే సగం పని అలాగే ఉంటుంది. నా టీమ్ నాతో నిజం ఎందుకు చెప్పడం లేదు మేడమ్? – ఒక టీమ్ లీడ్, మారతహళ్లి

జవాబు: క్వాలిటీ ఒక సమస్య, నిజం చెప్పకపోవడం ఇంకో సమస్య అన్నట్టు రాశారు మీరు. నాకు ఆ రెండూ ఒకే ముడిలా కనిపిస్తున్నాయి. ఒక్కసారి మీ టీమ్‌లో కుర్రాడి వైపు నుంచి చూడండి. నాలుగు రోజులు కూర్చుని ఏదో రాశాడు. పొద్దున్న వచ్చి లాప్‌టాప్ తెరిస్తే తను రాసింది లేదు, ఆ చోట మీది ఉంది, రాత్రి పదకొండున్నరకి మెర్జ్ అయినట్టు, అంటే టీమ్ అసలు కోడ్‌లో కలిసినట్టు చూపిస్తోంది. మీరు ఒక్క మాట అనలేదు, నిజమే. కానీ ఆ కుర్రాడికి వినబడాల్సింది వినబడింది. ఇక ఆ మర్నాడు స్టాండప్‌లో ‘నేను ఇక్కడ ఇరుక్కున్నాను’ అని ఎందుకు చెబుతాడు చెప్పండి? చెప్పకపోయినా రాత్రికి మీరే చేసేస్తారు. చెబితే మాత్రం పది మందిలో చేతకానివాడు అనిపించుకోవాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, నేను కూడా అదే చేశాను. 2011లో, లీడ్ అయిన కొత్తలో, ఒక అమ్మాయి రివ్యూకి పంపిన కోడ్ మీద నలభై ఒక్క కామెంట్లు రాశాను. వేరియబుల్ పేరు బాలేదు, ఈ ఫంక్షన్ ఇంకొంచెం చిన్నది చేయొచ్చు, ఇక్కడ ఖాళీ లైన్ ఎందుకు, ఇలాంటివి. ఎంత శ్రద్ధగా చూశానో అని నాకు తృప్తిగా కూడా ఉంది. అందులో నిజంగా బగ్ అనదగ్గది ఒక్కటే, ఒకే పేమెంట్ రెండుసార్లు నమోదయ్యే అవకాశం. అది ముప్పై మూడో కామెంట్. ఆ అమ్మాయి శనివారం కూడా కూర్చుని నలభై సరిచేసి, ఆ ఒక్కటి తప్పిపోయింది. అది ప్రొడక్షన్‌కి, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లోకి వెళ్లింది. మా మేనేజర్ దగ్గర నేను ‘కామెంట్‌లో రాశాను కదండీ’ అన్నాను. ఆయన ఆ పేజీ మొదటి నుంచి చివరిదాకా మెల్లగా స్క్రోల్ చేసి చూసి, ‘ఇందులో అది ఎక్కడుందో నాకూ కనబడటం లేదు’ అన్నారు. ఆ రోజు నుంచి రివ్యూ చేసే పద్ధతి మార్చుకున్నాను.

ఏం మార్చానంటే, ముందు అసలు తప్పులు మాత్రమే రాస్తాను, వాటి పక్కన ‘ఇది సరిచేయకుండా మెర్జ్ చేయొద్దు’ అని స్పష్టంగా పెడతాను. నా ఇష్టానికి సంబంధించినవి రెండుకు మించి రాయను, అవి కూడా ‘నీ ఇష్టం’ అని రాస్తాను. ఖాళీ లైన్లు, బ్రాకెట్లు, పేర్ల పద్ధతి లాంటివి కోడ్ రూపం సరిచూసే ఫార్మాటర్, లింటర్ అనే టూల్స్‌కి వదిలేశాను. అవి యంత్రం చూసుకోవాల్సిన పని, మనిషి మనిషితో పోట్లాడాల్సిన పని కాదు. పెద్ద మార్పు ఉంటే రాతలో కాకుండా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను, కీబోర్డ్ మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది. మీకు ఇది చాలా కష్టంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. మీరు ఐదు నిమిషాల్లో కొట్టేసేదాన్ని అతను నలభై నిమిషాలు తడుముకుంటుంటే చేతులు ఊరుకోవు. అయినా ఊరుకోబెట్టండి. రెండు వారాలు రాత్రిపూట ఎవరి కోడూ ముట్టుకోనని నియమం పెట్టుకోండి.

ఇక స్టాండప్. ‘అయిందా?’ అని అడిగితే ‘అవుతోంది’ అనే వస్తుంది, మనవాళ్లకి అది అలవాటైన జవాబు. ‘ఇందులో నీకు టెన్షన్‌గా ఉన్న భాగం ఏది?’ అని అడిగి చూడండి. మొదటి నాలుగు రోజులు ఎవరూ ఏమీ చెప్పరు. ఐదో రోజు ఒకరు చెబుతారు, గురువారం అవ్వాల్సింది వచ్చే మంగళవారానికి గానీ అవ్వదని. అప్పుడు మిగిలిన ఐదుగురూ ఆ అబ్బాయిని చూడరు, మీ ముఖం చూస్తారు. అక్కడ మీరు ‘ముందే ఎందుకు చెప్పలేదు?’ అన్నారా, ఇంకో ఏడాదిపాటు ఎవరూ నోరు విప్పరు. ‘ఇవాళే చెప్పడం మంచిదయింది, ఇంకా ఐదు రోజులున్నాయి, ఏం చేద్దాం’ అనండి. ఆ ఒక్క నిమిషంలో మీ ముఖం ఎలా ఉంటుందన్నదే లీడ్‌గా మీ పనిలో సగం అని నేను నమ్ముతాను.

ఒక విషయం ఇక్కడ చెప్పాలి. 1990ల్లో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆసుపత్రుల్లో రోగులకు మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను లెక్కేశారు. బాగా కలిసి పనిచేసే టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకున్నారు. లెక్క చూస్తే అలాంటి టీమ్‌లలోనే ఎక్కువ కనిపించాయి! లోతుగా చూస్తే తేలింది ఏంటంటే, వాళ్లు పొరపాట్లను దాచకుండా చెప్పుకుంటున్నారు, మిగిలినచోట్ల భయంతో దాచేస్తున్నారు. 1999లో ఆవిడ దీని మీద రాసిన పరిశోధన వ్యాసం తర్వాతే సైకలాజికల్ సేఫ్టీ (తప్పు ఒప్పుకున్నా ఎవరూ చిన్నచూపు చూడరన్న ధైర్యం) అనే మాట కంపెనీల్లో బాగా పాకింది. గూగుల్ 2012లో మొదలుపెట్టి తన టీమ్‌లను పరిశీలించినప్పుడు కూడా మంచి టీమ్‌కి కావలసినవాటిలో ఇదే మొదట నిలిచింది. కాబట్టి స్టాండప్‌లో రోజూ ‘అంతా ఓకే’ వినిపిస్తుంటే సంతోషించకండి, భయపడండి.

కోడ్ రాయకుండా ఉండలేకపోతే రాయండి, అందులో తప్పేమీ లేదు. కానీ రిలీజ్ ఆగిపోయే భాగం తీసుకోవద్దు. అప్పుడప్పుడు కారణం లేకుండా ఫెయిల్ అయ్యే టెస్టులు, ఇరవై నిమిషాలు పట్టే బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేయడం), ఇలాంటివి మీరు పట్టండి. టీమ్ మిమ్మల్ని దీవిస్తుంది.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా మేడమ్. ఉద్యోగంలో చేరి పద్నాలుగు నెలలు. పోయిన నెల టెస్ట్ డేటాబేస్ అనుకుని ప్రొడక్షన్ డేటాబేస్ మీద డిలీట్ క్వెరీ నడిపాను. రెండు విండోలూ పక్కపక్కనే ఉన్నాయి, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. మూడు వేలకు పైగా కస్టమర్ల అడ్రస్‌లు పోయాయి. భయమేసి ఇరవై నిమిషాలు ఎవరికీ చెప్పలేదు, వాష్‌రూమ్‌లో ఏడ్చాను. తర్వాత చెప్పాను, నాలుగు గంటల్లో బ్యాకప్ నుంచి తెచ్చారు. ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు కానీ అప్పటి నుంచి మీటింగ్‌లో నోరు తెరవలేకపోతున్నాను, అసలే నా ఇంగ్లీష్ అంతంత మాత్రం. పీజీలో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ ఫీల్డ్‌కి నేను పనికిరానేమో అనిపిస్తోంది. – ఒక అమ్మాయి, బెళ్లందూరు

జవాబు: నా కూతురి కంటే రెండు మూడేళ్లు పెద్దదానివేమో, అందుకే నువ్వు అనే అంటాను తల్లీ. ముందు నిద్రపో. పోయిన అడ్రస్‌లు తిరిగి వచ్చాయి. నీ ఉద్యోగం ఉంది. ఈ రెండూ ఖాయం.

ఇప్పుడు ఒక రాత్రి జరిగింది చెబుతాను, ఇది అందరికీ తెలిసిన సంగతే, ఆ కంపెనీయే బహిరంగంగా రాసింది. 2017 జనవరి 31న, టీమ్‌లు కోడ్ దాచుకునే సేవ ఇచ్చే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీరు రాత్రి పొద్దుపోయేదాకా డేటాబేస్ సమస్యతో కుస్తీ పడుతున్నాడు. రెండో సర్వర్ మీద ఖాళీ చేయాల్సిన ఫోల్డర్‌ని పొరపాటున అసలు సర్వర్ మీద చెరిపేశాడు. ఒకటి రెండు సెకన్లలోనే గ్రహించి ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీ డేటాలో 4.5 జీబీ మిగిలింది. అచ్చం నీలాగే, ఒక విండో అనుకుని ఇంకో విండో. బ్యాకప్ తీసుకొద్దామని చూస్తే, పెట్టుకున్న ఏర్పాట్లు ఒకటి తర్వాత ఒకటి పనిచేయలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు ఇంకేదో పని కోసం చేత్తో తీసిన ఒక కాపీ ఉంది, దాంతో బయటపడ్డారు. ఆ ఆరు గంటల్లో కస్టమర్లు చేసిన మార్పులు కొన్ని పోయాయి.

నన్ను బాగా పట్టుకున్న వివరం ఇంకొకటుంది. రోజువారీ బ్యాకప్ అంతకు ముందు నుంచే ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయిందని చెప్పే ఈమెయిల్స్ కూడా వెళ్తున్నాయి, కానీ మెయిల్ సెట్టింగుల వల్ల అవి తిరస్కరణకు గురై ఎవరికీ చేరడం లేదు. చెడు వార్త బయల్దేరింది, దారిలో ఆగిపోయింది. వాళ్లు చేసిన మంచి పని ఏంటంటే, ఆ రాత్రి నుంచే జరుగుతున్నదంతా అందరూ చూసేలా పెట్టారు. ఆ తర్వాత రిపోర్ట్‌లో ఒక మనిషి చేతి మీద తప్పంతా వేయకుండా, బ్యాకప్‌లు ఎందుకు పనిచేయలేదు, ఎందుకు ఎవరికీ తెలియలేదు అన్నదాని మీదే ఎక్కువ రాసుకున్నారు.

నీ విషయంలోనూ అసలు ప్రశ్న అదే. పద్నాలుగు నెలల అనుభవం ఉన్న ఇంజినీరు చేతికి ప్రొడక్షన్‌లో డిలీట్ చేసే పర్మిషన్ అంత సులువుగా ఎందుకుంది? రెండు విండోలూ ఒకే రంగులో ఎందుకున్నాయి? ఇది నీ తప్పును కప్పిపుచ్చడానికి అడగడం లేదు. రేపు నీ సీట్లో ఇంకో అమ్మాయి కూర్చుంటుంది కాబట్టి అడుగుతున్నాను. నువ్వే ఒక పేజీ రాయి. ఏ సమయానికి ఏం కొట్టావు, ఏం అనుకుని కొట్టావు, ఎప్పుడు తెలిసింది, అన్నీ వరసగా. కింద మూడు సూచనలు పెట్టు: ప్రొడక్షన్ విండో ఎర్ర రంగులో ఉండాలి, మామూలుగా చదవడానికి మాత్రమే పర్మిషన్ ఉండాలి, ఏదైనా చెరిపే పని ఇద్దరు చూస్తుండగా జరగాలి. చెరిపే ముందు అదే కండిషన్‌తో ఎన్ని వరసలు వస్తున్నాయో లెక్క చూసుకుని, వెనక్కి తీసుకోగలిగేలా ట్రాన్సాక్షన్ లోపల నడిపి, సంఖ్య సరిపోతేనే కమిట్ చేయడం, అంటే ఖాయం చేయడం నువ్వు ఇవాళ్టి నుంచే అలవాటు చేసుకో. ఆ పేజీ మీ లీడ్‌కి పంపు.

ఆ ఇరవై నిమిషాల గురించి ఒక్క మాట. డిలీట్ చేయడం పొరపాటు, దాని గురించి నిన్ను ఎవరూ తప్పుపట్టకూడదు. ఇరవై నిమిషాలు చెప్పకపోవడం మాత్రం ఇంకెప్పుడూ చేయకు. ఆ సమయంలో ఆ టేబుల్ మీద కొత్త ఆర్డర్లు వచ్చి పడుతుంటే తిరిగి తేవడం ఎంత కష్టమవుతుందో నీకు ఇప్పుడు తెలుసు. ఏడుపు వస్తే రానీ, ఏడుస్తూనే చెప్పు. ‘ప్రొడక్షన్‌లో డిలీట్ చేశాను, ఇప్పుడే, ఈ టేబుల్’, ఈ మూడు ముక్కలు చాలు, ఏ భాషలోనైనా సరే.

ఇంగ్లీష్ సంగతి. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియమే, హిందూపురంలో. మీటింగ్ మొదలైన ఐదు నిమిషాల్లోపు ఏదో ఒకటి మాట్లాడెయ్, చిన్న ప్రశ్న అయినా సరే. ఆలస్యమయ్యేకొద్దీ నోరు పెగలదు. చెప్పాల్సింది రెండు వాక్యాలు ముందే కాగితం మీద రాసుకుని చూసి చదువు, ఎవరూ ఏమీ అనుకోరు. నిద్ర పట్టకపోవడం ఇంకో రెండు మూడు వారాలు అలాగే ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకో. ఇంట్లోవాళ్లకి చెప్పు, వాళ్లు కంగారు పడతారని దాచుకోకు.

ప్రశ్న: మా టీమ్‌లో ఎనిమిది మందిలో ఐదుగురం తెలుగువాళ్లం. లంచ్‌కి కూడా కలిసే ఆంధ్రా మెస్‌కి వెళ్తాం. ఒక తమిళ అబ్బాయి, ఒక మలయాళీ అమ్మాయి, ఒక కన్నడ అతను ఉన్నారు. ఆ తమిళ అబ్బాయి వేరే టీమ్‌కి మారతానని అడిగాడట. మేం అతన్ని ఎప్పుడూ ఏమీ అనలేదు. – వైట్‌ఫీల్డ్ నుంచి

జవాబు: ఏమీ అనకపోవడమే అతని బాధ అయ్యుండొచ్చు. మెస్‌లో పప్పు, గోంగూర కలుపుకుంటూ తెలుగులో కబుర్లు చెప్పుకుంటే ఎవరికీ నష్టం లేదు. అక్కడే ‘ఆ ఏపీఐ అలా కాదు, ఇలా చేద్దాం’ అని తేల్చేసి, మూడింటికి సీట్లోకి వచ్చి పని మొదలుపెట్టేస్తే, అతనికి ఆ సంగతి రెండు రోజుల తర్వాత కోడ్‌లో చూసి తెలుస్తుంది. నేను కొత్తగా వచ్చినప్పుడు కన్నడం రాక ఇలాగే ఒక మూలన కూర్చున్నాను, అది ఎలా ఉంటుందో నాకు తెలుసు. పని మాట వచ్చిందంటే ఆఫీసుకి తిరిగొచ్చి అందరి ముందూ, అందరికీ వచ్చిన భాషలో మాట్లాడండి, తేల్చింది ఛానల్‌లో రెండు లైన్లు రాయండి. అతన్ని కూర్చోబెట్టి సారీ చెప్పండి, మారాలనే అనుకుంటే మంచి మాటతో పంపండి. ఈ ఊరు కన్నడిగులది, అందులో మనం అందరం వచ్చి చేరినవాళ్లమే.

ప్రశ్న: మార్చి నెలాఖరుకి ఇవ్వాల్సిన ప్రాజెక్ట్ ఆరు వారాలు లేటు. నా టీమ్ ఐదుగురు. మా డైరెక్టర్ ఇంకో నలుగురిని ఇస్తానంటున్నారు, వద్దంటే నాకే చేతకాదనుకుంటారని భయంగా ఉంది. – ఒక మేనేజర్, హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్

జవాబు: మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఐబీఎంలో ఓఎస్/360 అనే పెద్ద ప్రాజెక్ట్ నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో తన పుస్తకంలో ఇదే రాశారు, లేటైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్‌కి మనుషుల్ని కలిపితే అది ఇంకా లేటవుతుందని. లెక్క వేసి చూడండి. ఐదుగురి మధ్య ఇద్దరిద్దరు మాట్లాడుకునే దారులు 10, తొమ్మిది మంది అయితే 36. పైగా ఆ నలుగురికీ పని నేర్పేది ఎవరు? ఇప్పుడు తలమునకలుగా ఉన్న మీ ఐదుగురే.

వద్దు అని ఊరుకోకుండా ఒక కాగితం తీసుకుని వెళ్లండి. ఒకవైపు, ఏ మూడు ఫీచర్లు తర్వాతి రిలీజ్‌కి జరిపితే ఏ తేదీకి ఇవ్వగలరో రాయండి. ఇంకోవైపు, నలుగురినీ తీసుకుంటే మొదటి మూడు నాలుగు వారాలు ఎంత నెమ్మదిస్తుందో, అప్పుడు తేదీ ఎంతకి పోతుందో రాయండి. ఇద్దరిని మాత్రం తీసుకుని టెస్ట్ ఎన్విరాన్‌మెంట్, పాత బగ్‌ల వడపోత లాంటి విడి పనులు అప్పగించవచ్చు, అవి అసలు పనికి అడ్డం రావు. ఈ లేటు గురించి మీ డైరెక్టర్‌కి ఎప్పుడు చెప్పారు మీరు? ఉత్తరంలో రాయలేదు. ఆరు వారాలు ఒక్క రోజులో లేటవ్వదు. మీ స్టేటస్ రిపోర్ట్‌లో నెలల తరబడి గ్రీన్, అంటే అంతా సవ్యంగా ఉందని పెట్టి ఉంటే, ఆ సంగతి కూడా ఆ గదిలోనే ఒప్పేసుకోండి.

ప్రశ్న: నేను డెలివరీ మేనేజర్‌ని. పోయిన త్రైమాసికంలో మా సైట్ మూడు గంటలు పడిపోయింది. క్లయింట్ కాల్‌లో ‘ఎవరు చేశారు?’ అని గట్టిగా అడిగితే ఒత్తిడిలో ఒక అబ్బాయి పేరు చెప్పేశాను. అతను కూడా కాల్‌లో ఉన్నాడు. ఆ రోజు నుంచి అడిగినదానికి జవాబు తప్ప ఏమీ మాట్లాడడు. కానీ పేరు చెప్పకపోతే అబద్ధమాడినట్టు కాదా? – ఎలక్ట్రానిక్ సిటీ నుంచి

జవాబు: కాదు. ఏం జరిగింది, ఎంతసేపు, ఎందుకు, మళ్లీ జరగకుండా ఏం చేస్తున్నాం, ఇవన్నీ నిజం చెప్పాలి, ఒక్క అక్షరం దాచకూడదు. ‘ఎవరు’ అన్న ప్రశ్నకు మాత్రం ‘నా టీమ్, అంటే బాధ్యత నాది’ అన్నదే నిజమైన జవాబు. ఆ మార్పు రివ్యూ దాటింది, టెస్ట్ దాటింది, మీ అప్రూవల్ దాటింది. అంతమంది చేతుల్లోంచి వెళ్లినదాన్ని ఒక్కడి పేరు మీద రాయడమే అబద్ధానికి దగ్గర.

బెంగళూరులో ఉన్నాం కాబట్టి సతీశ్ ధావన్ గారిని గుర్తు చేసుకోవాలి. ఆయన ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ)కి డైరెక్టర్‌గా ఉంటూనే ఇస్రో ఛైర్మన్‌గా కూడా పనిచేశారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. దాన్ని నడిపించింది అబ్దుల్ కలాం గారు. రాకెట్ ఐదు నిమిషాల పైచిలుకు ఎగిరి బంగాళాఖాతంలో పడిపోయింది. విలేకరుల ముందుకి ధావన్ గారే వెళ్లి, వైఫల్యం బాధ్యత తన మీద వేసుకుని, నా టీమ్ మళ్లీ ప్రయత్నించి గెలుస్తుందని చెప్పారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ రోజు ఆయన కలాం గారితో, ఇవాళ విలేకరులతో మీరు మాట్లాడండి అన్నారు. కలాం గారు ఈ సంగతి తన ప్రసంగాల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఒక మనిషి తన పై అధికారి చేసిన ఒక పనిని అన్నేళ్లు మోసుకుని తిరిగారంటే, ఆ పని ఎంత లోతుగా తగిలిందో చూడండి. మీ అబ్బాయి కూడా మోస్తాడు, ఏది మోస్తాడన్నది ఇంకా మీ చేతిలో ఉంది.

రేపే అతనితో విడిగా కూర్చోండి. ‘ఆ కాల్‌లో నీ పేరు చెప్పడం నా తప్పు’ అనండి. చెప్పాక ‘కానీ’ అని మొదలుపెట్టకండి, క్లయింట్ ఎంత ఒత్తిడి తెచ్చాడో వివరించకండి. అతను ఏమీ అనకపోతే నిశ్శబ్దంగా కూర్చోండి. ఆ తర్వాత జరిగే క్లయింట్ కాల్‌లో, అదే మనుషుల ముందు, ‘ఆ రోజు ఒక పేరు చెప్పాను, అలా చెప్పకుండా ఉండాల్సింది, అది మా ప్రాసెస్‌లో లోపం’ అని ఒక్క వాక్యం చెప్పండి. పోయింది అందరి ముందు కాబట్టి తిరిగి ఇవ్వాల్సింది కూడా అందరి ముందే. పేర్లు చెప్పాలని మీకు అంతగా ఉంటే, పని బాగా జరిగిన రోజు పై వాళ్లకి రాసే మెయిల్‌లో చెప్పండి, ఎవరు ఏ భాగం చేశారో విడివిడిగా రాసి మరీ.

ప్రశ్న: నాకు నలభై మూడు. మాది నెల్లూరు. పంతొమ్మిదేళ్లుగా కోడ్ రాస్తున్నాను, అదే ఇష్టం. నా దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు మేనేజర్లయ్యారు. ఊరెళ్తే మామగారు ‘ఇంకా కోడే రాస్తున్నావా?’ అంటారు. ఇప్పుడు ఏఐ టూల్స్ వచ్చి కోడ్ నిమిషాల్లో రాస్తున్నాయి. అపార్ట్‌మెంట్ ఈఎంఐ ఇంకా పదకొండేళ్లుంది. ఇష్టం లేకపోయినా మేనేజర్ అయిపోవాలా? – వైట్‌ఫీల్డ్ నుంచి

జవాబు: ఇష్టం లేకుండా మేనేజర్ అయితే దాని ఖర్చు మీరొక్కరే పెట్టుకోరు, మీ కింద ఉండే ఆరుగురు పెట్టుకుంటారు. వాళ్ల రేటింగ్‌లు, వాళ్ల హైక్‌లు, వాళ్ల ఇంటి బాధలు వినాల్సిన మనిషి, మనసు ఎక్కడో కోడ్ మీద పెట్టుకుని కూర్చుంటాడు. అలాంటి మేనేజర్ దగ్గర నేను రెండేళ్లు పనిచేశాను. మంచి మనిషి. మా ఒక్కరి పేరు కూడా ప్రమోషన్ మీటింగ్‌లో గట్టిగా చెప్పలేకపోయారు.

మీ భయం నిజమైనదే, దాన్ని చిన్నబుచ్చను. కోడ్ టైప్ చేయడం అన్నది తేలికైపోతోంది. కానీ 2016లో ఒక కస్టమర్ కోసం పెట్టిన ఆ వింత కండిషన్ ఎందుకుందో, దాన్ని తీసేస్తే నెలాఖరు బిల్లింగ్‌లో ఏం విరుగుతుందో ఆ టూల్‌కి తెలియదు, మీకు తెలుసు. ఆ తెలివి మీ తలలోనే ఉండిపోతే మాత్రం కంపెనీకి అది కనబడదు. అందుకని బయటికి తీయండి. మీ సిస్టమ్‌లో అందరూ ముట్టుకోవడానికి భయపడే భాగం ఒకటి ఉంటుంది కదా, దాని మీద ఒక డిజైన్ డాక్యుమెంట్ రాయండి: ఎందుకు ఇలా ఉంది, ఎలా మార్చాలి, మారిస్తే ఏం జాగ్రత్త. రాశాక టీమ్‌లో అందరికంటే చిన్నవాళ్లని పిలిచి చదివించి, ముందు వాళ్లనే ప్రశ్నలు అడగమనండి. ఆ టూల్స్ కూడా బాగా నేర్చుకోండి, అవి రాసినదాన్ని రివ్యూ చేయడంలో మీ పంతొమ్మిదేళ్లూ పనికొస్తాయి.

రెండోది, చాలా కంపెనీల్లో స్టాఫ్ ఇంజినీర్, ప్రిన్సిపల్ ఇంజినీర్ అని మేనేజర్ కాకుండా పైకి వెళ్లే మెట్లు ఉంటాయి. మీ కంపెనీలో అవి కాగితం మీదే ఉన్నాయో, నిజంగా ఉన్నాయో చూసుకోండి. ఎలాగంటే, ఆ హోదాల్లో ఇప్పుడు మీ ఆఫీసులో ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టండి. ఒక్కరూ లేకపోతే కంపెనీ మారడం గురించి ఆలోచించాల్సిందే. ఉంటే, అప్రైజల్‌కి ఆరు నెలల ముందే మీ మేనేజర్‌ని అడిగి, ఆ మెట్టు ఎక్కడానికి ఏం చూపించాలో రాతలో తీసుకోండి. అడగందే అమ్మైనా పెట్టదు.

అయినా మనసులో ఊగిసలాట ఉంటే, రాబోయే బ్యాచ్‌లో ఒక ఇంటర్న్‌ని మూడు నెలలు మీ దగ్గర పెట్టుకోండి. ఆ పిల్లాడి కోడ్ మొదటిసారి ప్రొడక్షన్‌కి వెళ్లిన రోజు, మీ కోడ్ వెళ్లినప్పటి కంటే ఎక్కువ సంతోషం వేసిందా లేదా చూసుకోండి. ఎక్కువ వేస్తే మళ్లీ మాట్లాడుకుందాం. మామగారు ఈసారి అడిగితే ఆ డాక్యుమెంట్ తెరిచి, మీరు చేసే పని ఏమిటో ఆయనకి అర్థమయ్యే మాటల్లో ఒక అరగంట చెప్పి చూడండి. ఆయన ఏ ప్రశ్న వేశారో నాకు రాయండి.